చెరువులో గుర్రపు డెక్క ఎన్ని గుంటలు? శాటిలైట్, డ్రోన్ చిత్రాలతో మ్యాప్ గీసే పద్ధతి

కట్ట మీద నిలబడి చూస్తే చెరువంతా గుర్రపు డెక్కే ఉన్నట్టు కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తున్నాం కాబట్టి దూరాన ఉన్న గుంపుల మధ్య ఖాళీ నీళ్లు కంటికి ఆనవు. అందుకే ఎన్ని ఎకరాల్లో ఉందని ముగ్గురిని అడిగితే మూడు లెక్కలు చెబుతారు. ఆ అంచనా మీదే తీయించే పనికి ధర మాట్లాడుకుంటారు, ఆ అంచనా మీదే పని అయిపోయిందనీ అనుకుంటారు. మరుసటి వానాకాలం డెక్క మళ్లీ వస్తే, పోయినసారి ఎంత తీశారో చూపించడానికి ఎవరి దగ్గరా కాగితం ఉండదు.

పై నుంచి తీసిన చిత్రం ఉంటే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. దానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, చెరువు మీద రెండు రోజుల తిరుగుడు చాలు. డ్రోన్ ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చెరువులను మనసులో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను. మత్స్యకార సంఘం వాళ్లు, పంచాయతీలో పనిచేసేవాళ్లు, ఊరి చెరువు మీద ప్రేమ ఉన్న విద్యార్థులు ఎవరైనా చేయొచ్చు.

ఒక పిక్సెల్ అంటే ఒక గుంట

యూరప్ వాళ్ల సెంటినల్-2 శాటిలైట్ చిత్రాలు అందరికీ ఉచితం. మొదటిది 2015లో, రెండోది 2017లో పైకి వెళ్లాయి. రెండూ కలిసి ఒకే చోటును అయిదు రోజులకోసారి చూసేలా ఏర్పాటు చేశారు. మన ప్రాంతం మీదుగా ఉదయం పదిన్నర, పదకొండు గంటల మధ్య వెళ్తాయి. చిత్రంలోని ఒక చిన్న గడి, అంటే ఒక పిక్సెల్, నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే 100 చదరపు మీటర్లు.

మన గుంట 121 చదరపు గజాలు, అంటే 101 చదరపు మీటర్ల పైచిలుకు. కాబట్టి ఒక పిక్సెల్ దాదాపు ఒక గుంట. 40 పిక్సెళ్లు ఒక ఎకరం. ఈ ఒక్క మాట చెబితే కంప్యూటర్ ముట్టని రైతుకు కూడా మీ మ్యాప్ అర్థమవుతుంది. హెక్టార్లు, చదరపు కిలోమీటర్లు మీ ఫైల్లో ఉంచుకోండి. ఊళ్లో మాట్లాడేటప్పుడు గుంటల్లోనే మాట్లాడండి.

మొదటి పని: చెరువు హద్దు గీయడం

కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరవండి. మీ చెరువు దగ్గరికి జూమ్ చేసి, సెంటినల్-2లో ఎల్2ఏ రకం చిత్రాలను ఎంచుకోండి. గాలిలోని మసక ప్రభావాన్ని సరిచేసి ఇచ్చే రకం అది.

హద్దు కోసం చెరువు నిండుగా ఉన్నప్పటి చిత్రం కావాలి. 2020 అక్టోబరులో కురిసిన భారీ వానలకు మన వైపు చాలా చెరువులు నిండి మత్తడి (అలుగు) దుంకాయి. వాన తెరిపిచ్చాక, ఆ ఏడాది అక్టోబరు చివర్లోనో నవంబరులోనో మబ్బు లేని రోజు చిత్రం వెతికి, నీళ్ల అంచు వెంబడి గీత గీయండి. కట్ట వైపు గీత తేలికగానే వస్తుంది. శిఖం వైపు, అంటే నీళ్లు తగ్గితే బయటపడే చెరువు భూమి వైపు, తొందరపడొద్దు. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో నీరటిని, అంటే చెరువు నీళ్లు వదిలే మనిషిని, అడిగి సరిచూసుకోండి. ఈ గీత డెక్కను లెక్కించడానికే. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు అధికారులు సర్వే చేసి తేల్చే విషయం, మీ గీతను దానికి సాక్ష్యంగా వాడొద్దు. భూమి తగాదాలోకి దిగితే డెక్క పని పక్కకు పోతుంది.

ఏ నెల చిత్రాలు తీసుకోవాలి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు అడ్డం. ఆ నెలల్లో ఒక్క మంచి చిత్రం దొరికినా అదృష్టమే. నవంబరు నుంచి మే దాకా చిత్రాలు బాగా దొరుకుతాయి. నెలకు ఒకటి చొప్పున ఎంచి పెట్టుకోండి. మబ్బు శాతం చూపే అంకె మొత్తం చిత్రానికి సంబంధించింది. అది 30 ఉన్నా మీ చెరువు మీద ఆకాశం తేటగా ఉండొచ్చు, 5 ఉన్నా ఆ మబ్బు తునక సరిగ్గా మీ చెరువు మీదే ఉండొచ్చు. చెరువు మీదకు జూమ్ చేసి కంటితో చూసి ఎంచండి. మబ్బుతో పాటు దాని నీడను కూడా చూడండి.

ఆకును పట్టే లెక్క

పచ్చటి ఆకు ఎర్రటి కాంతిని మింగుతుంది, కంటికి కనపడని దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. నీళ్లు ఆ ఇన్‌ఫ్రారెడ్‌ను మింగేస్తాయి. ఈ తేడా మీదే ఎన్‌డీవీఐ అనే కొలత నిలబడింది. సెంటినల్-2లో దగ్గరి ఇన్‌ఫ్రారెడ్‌ బి8, ఎరుపు బి4. రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగించాలి:

(బి8 − బి4) ÷ (బి8 + బి4)

తేట నీళ్లకు సున్నా కంటే తక్కువ వస్తుంది. దట్టంగా అల్లుకున్న గుర్రపు డెక్కకు 0.6, 0.7, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వస్తుంది. పలచగా ఉన్నచోట, అంచుల్లో మధ్య విలువలు వస్తాయి. 0.4 దగ్గర గీత పెట్టి మొదలుపెట్టండి. తర్వాత చెరువు మీద చూసినదాన్ని బట్టి దాన్ని అటూ ఇటూ జరపాలి. పక్క ఊరి చెరువుకు కుదిరిన అంకె మీ చెరువుకు కుదరకపోవచ్చు.

బి4, బి8 రెండింటినీ జియోటిఫ్‌గా (నేల మీద ఏ చోటిదో తెలిపే వివరం కూడా ఉండే చిత్రపు ఫైలు) దించుకుని, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. అక్షాంశ రేఖాంశాల్లో ఉన్న ఫైలు అయితే ముందు యూటీఎంలోకి (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) మార్చుకోవాలి, లేకపోతే పిక్సెల్ సరిగ్గా 10 మీటర్లు ఉండదు, గుంట లెక్క చెడుతుంది. నల్గొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ వైపు అయితే జోన్ 44 ఉత్తరం, కోడ్ 32644. మహబూబ్‌నగర్ వాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. జోన్లు మారే 78 డిగ్రీల రేఖ సరిగ్గా ఆ పట్టణం దగ్గరే పోతుంది. దానికి పడమట ఉన్న నారాయణపేట, మక్తల్, జూరాల వైపు జోన్ 43, కోడ్ 32643. ఒక చెరువుకు ఒకే జోన్ పట్టుకుని చివరిదాకా అందులోనే ఉండండి.

తర్వాత రాస్టర్ కాలిక్యులేటర్‌లో పై లెక్క వేసి, 0.4 దాటిన పిక్సెళ్లకు 1, మిగతా వాటికి 0 ఇవ్వండి. ముందు గీసిన హద్దుతో కత్తిరించండి. యూనిక్ వాల్యూస్ రిపోర్ట్ నడిపితే 1లు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. 1,860 వచ్చాయనుకోండి. 40తో భాగిస్తే 46 ఎకరాల 20 గుంటలు. పక్కాగా కావాలంటే 40.47తో భాగించాలి, అప్పుడు 46 ఎకరాలు. ఊళ్లో మాట్లాడుకోవడానికి మొదటి లెక్క చాలు, కాగితం మీద పెట్టేటప్పుడు రెండోది వాడండి.

పచ్చగా కనిపించేదంతా డెక్క కాదు

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నేనూ వేశాను. మొదటిసారి నేను గీసిన మ్యాప్‌ను నీరటికి చూపిస్తే, శిఖం వైపు నేను రంగు వేసిన ముక్క మీద వేలు పెట్టి, "ఇది వరి సార్, మా బావమరిది నాటు పెట్టిండు" అన్నాడు. నీళ్లు తగ్గేకొద్దీ శిఖంలో యాసంగి (రబీ) నాట్లు పడతాయి. శాటిలైట్‌కు అదీ ఆకే, ఇదీ ఆకే. ఆ రోజు నుంచి ఒక్క తేదీ చిత్రంతో మ్యాప్ గీయడం మానేశాను.

వరిని పట్టడానికి తేలిక మార్గం ఏప్రిల్ చివరి చిత్రం. అప్పటికి వరి పండి, కోత అయిపోయి, ఎన్‌డీవీఐ పడిపోతుంది. నీళ్లున్నచోట డెక్క మాత్రం పచ్చగానే ఉంటుంది. ఫిబ్రవరిలో పచ్చగా ఉండి ఏప్రిల్ చివరికి పచ్చదనం పోయినది పంట అని పక్కన పెట్టండి. అయితే నీళ్లు పూర్తిగా తగ్గి ఒడ్డున పడ్డ డెక్క కూడా ఎండుతుంది. అనుమానం ఉన్న చోటును గుర్తుపెట్టుకుని వెళ్లి చూడండి.

తామర, కలువ కొంచెం కష్టం. ఇవి మన చెరువుల్లో ఎప్పటినుంచో ఉన్నవి. తామర పువ్వు కోసి అమ్ముకుని బతికేవాళ్లున్నారు, ఆ ఆకుల మధ్య తిరిగే పక్షులున్నాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చి పడ్డ గుర్రపు డెక్కతో వీటిని ఒకే గాటన కట్టి జేసీబీతో తీయిస్తే చెరువుకు మనమే అన్యాయం చేసినవాళ్లం అవుతాం. మ్యాప్ తప్పయితే నష్టపోయేది ఆ తామర కొలనే. అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టమంటున్నాను.

తేడా పట్టడానికి నాకు బాగా పనికొచ్చింది కదలిక. తామర, కలువ, జమ్ము, తూటి బురదలో వేరూనినవి. గుర్రపు డెక్క నీటిపై తేలుతుంది, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. అయిదు, పది రోజుల తేడాతో ఉన్న రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి. జరిగిన పచ్చదనం తేలే మొక్కది. జరగనిదంతా వేరున్నది అని మాత్రం అనుకోవద్దు, మూలకు ఇరుక్కున్న డెక్క కూడా కదలదు. వానాకాలంలో పడమటి గాలికి డెక్క తూర్పు ఒడ్డుకు చేరుతుంది, చలికాలంలో ఈశాన్యపు గాలికి నైరుతి మూలకు. మీ చెరువు తూము ఏ వైపు ఉందో చూసుకుంటే, ఏ నెలలో తూముకు డెక్క అడ్డం పడుతుందో ముందే చెప్పగలరు.

నీటిపై తెట్టులా పట్టే నాచుకు కూడా ఎన్‌డీవీఐ కొంచెం పైకి లేస్తుంది, కానీ మామూలుగా దట్టమైన డెక్కంత రాదు. అంతరతామర చిన్నగా, గులాబీ పువ్వు ఆకారంలో తేలుతుంది. పది మీటర్ల పిక్సెల్‌లో దాన్ని డెక్క నుంచి విడదీయలేం. రెండింటినీ "తేలే కలుపు" అని ఒకే రంగు వేయడం నిజాయితీగా ఉంటుంది.

తెప్ప మీద వెళ్లి చూడండి

మ్యాప్ గీశాక నలభై, యాభై చోట్లు ఎంచండి. సగం డెక్క అని మ్యాప్ చెప్పినవి, సగం కాదని చెప్పినవి. ఎక్కడికి వెళ్లడం సులువో అక్కడే ఎంచొద్దు, మధ్యలోవీ ఉండాలి. మత్స్యకారుల తెప్పో పుట్టో మాట్లాడుకుని, ఈత వచ్చినవాళ్లతో, లైఫ్ జాకెట్ వేసుకునే వెళ్లండి. దట్టమైన డెక్క మధ్యకు తెప్పను తోసుకుపోవద్దు. వేర్లు పట్టేసి బయటికి రావడం చాలా కష్టమవుతుంది. అంచు దాకా వెళ్లి చూడండి, లోపలి సంగతి డ్రోన్‌కు వదిలేయండి.

ఒక్కో చోట మొబైల్‌తో లొకేషన్, ఫొటో, మొక్క పేరు రాసుకోండి. మొబైల్ జీపీఎస్ ఆరుబయట కూడా మూడు నుంచి అయిదు మీటర్లు తప్పు చూపిస్తుంది. అంటే అంచున తీసిన పాయింట్ పక్క పిక్సెల్‌లో పడొచ్చు. డెక్కకూ ఖాళీ నీళ్లకూ మధ్య గీత మీద తీసిన పాయింట్లను సరిచూపుకు వాడకండి. ఇంకో సంగతి, తేలే డెక్క ఆగదు కాబట్టి మీరు వెళ్లే రోజు, శాటిలైట్ చిత్రం రోజు ఒకటే అయితే మేలు. చిత్రాల తేదీలు ముందే లెక్కేసుకోవచ్చు కదా, ఆ రోజు పొద్దున్నే తెప్ప ఎక్కండి.

మ్యాప్ డెక్క అన్న 25 చోట్లలో 22 నిజంగా డెక్కే అయితే పని బాగా జరిగినట్టే. 15 మాత్రమే అయితే 0.4ను 0.5 చేసి మళ్లీ చూడండి, లేదా వరి, తామర ఎక్కడ కలిసిపోయాయో వెతకండి. డెక్క లేదన్న చోట్ల డెక్క కనిపిస్తే గీతను కిందికి దించండి. ఈ అంకెలను మ్యాప్ కిందే రాయండి.

డ్రోన్ ఎక్కడ అవసరం

యాభై ఎకరాలు దాటిన చెరువును మొత్తం డ్రోన్‌తో కప్పాలని చూడటం నా దృష్టిలో వృథా శ్రమ. విస్తీర్ణం శాటిలైట్‌తో తేల్చండి. అది ఏ మొక్కో తేల్చడానికి, తూము, మత్తడి, వాగు వచ్చి కలిసే చోటు లాంటి ముఖ్యమైన మూలలను దగ్గరగా చూడటానికి డ్రోన్ వాడండి. చిన్న కుంటలకైతే డ్రోన్ ఒక్కటే చాలు.

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాముల దాకా నానో, 2 కిలోల దాకా మైక్రో. నానోకూ, వ్యాపారానికి కాకుండా ఎగరేసే మైక్రోకూ పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. అయినా డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ చెరువు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూడకుండా ఎగరేయొద్దు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. పెద్ద ప్రాజెక్టుల దగ్గర మ్యాప్‌తో పాటు అక్కడి అధికారులను కూడా అడగండి. ఊళ్లో పంచాయతీకి, పోలీస్ స్టేషన్‌కు, మత్స్యకార సంఘానికి ముందే చెప్పండి. ఒడ్డున బట్టలు ఉతికేవాళ్లు, స్నానం చేసేవాళ్లు ఉంటే వాళ్లు వెళ్లేదాకా ఆగాలి.

ఎగరేసే వేళ ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర. ఆ తర్వాత రెండు ఇబ్బందులు. సూర్యుడు నెత్తి మీదికి వచ్చేకొద్దీ నీళ్ల మెరుపు కెమెరాలో పడి ఆ భాగం తెల్లగా పోతుంది. గాలి లేస్తే, మీరు ఒక వరస తీసి రెండో వరసకు వచ్చేసరికి డెక్క పక్కకు జరిగిపోతుంది. ఒకే గుంపు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, లేదా ఫొటోలు అతకనే అతకవు. పలచని మబ్బు పట్టి గాలి ఆగిన ఉదయం దొరికితే అంతకన్నా మంచి రోజు లేదు.

80 మీటర్ల ఎత్తులో, ముందు వెనక ఫొటోలు 80 శాతం, పక్క వరసలు 70 శాతం కలిసేలా పెట్టుకోండి. ఆ ఎత్తులో మామూలు డ్రోన్ కెమెరాకు నేల మీద రెండు, రెండున్నర సెంటీమీటర్ల వివరం వస్తుంది. ఊదారంగు పూత, తామర గుండ్రటి ఆకు స్పష్టంగా తెలుస్తాయి. ఒక బ్యాటరీకి నలభై, యాభై ఎకరాలు అవుతుంది. ఫొటోలను వెబ్‌ఓడీఎమ్‌ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అతికించవచ్చు. ఖాళీ నీళ్ల మీద పట్టుకోవడానికి గుర్తేమీ ఉండదు కాబట్టి మధ్యలో అతకదు. అందుకే ప్రతి వరసా ఒడ్డున మొదలై ఒడ్డున ముగిసేలా ప్లాన్ చేయండి.

నీళ్లకు దగ్గరగా దించితే డ్రోన్ కింది సెన్సార్లు మోసపోతాయి, ఎత్తు తప్పుగా చదువుతాయి. ఎక్కడం, దిగడం కట్ట మీదే. గద్ద చుట్టూ తిరగడం మొదలుపెడితే వెంటనే దించేయండి. మన పని పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు.

గుంటల నుంచి ట్రాలీలకు

తీయించే పనికి విస్తీర్ణం ఒక్కటే సరిపోదు, బరువు కావాలి. పైపులతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం చేయించి, డెక్క అంచుల్లో అయిదారు చోట్ల వేసి, లోపలున్నదంతా తీసి, నీళ్లు కారాక తూకం వేయండి. ఉదాహరణకు సగటున 20 కిలోలు వచ్చిందనుకోండి. ఒక గుంటకు అలాంటి చట్రాలు వంద, అంటే 2 టన్నులు. ఎకరానికి 80 టన్నులు. మీ ట్రాక్టర్ ట్రాలీ ఎంత మోస్తుందో చూసి భాగించుకోండి. డెక్కలో చాలా భాగం నీరే కాబట్టి ఒడ్డున రెండు మూడు రోజులు ఎండనిస్తే బరువు బాగా తగ్గుతుంది, రవాణా ఖర్చు కలిసొస్తుంది. అయితే వానకు మళ్లీ చెరువులోకి కొట్టుకుపోయే చోట కుప్ప వేయొద్దు.

మందు కొట్టి చంపుదాం అనేవాళ్లుంటారు. చచ్చిన డెక్క నీళ్లలో కుళ్లి ప్రాణవాయువును లాగేస్తుంది, చేపలు తేలిపోతాయి. మ్యాప్ మీద ఎకరాల లెక్క చూపించి, అంత డెక్క ఒకేసారి కుళ్లితే ఏమవుతుందో మత్స్యకారులతో కలిసి చెప్పండి.

పై చెరువును కూడా చూడండి

మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే దాని డెక్క ముక్కలు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. ఒక్క మొక్క చాలు, వేడి, మురుగు కలిసిన నీళ్లలో రెండు వారాలలోపే రెట్టింపవుతుంది. హైదరాబాద్ మురుగుతో వచ్చే మూసీ నీళ్లు పిల్లాయిపల్లి, బునాదిగాని లాంటి కాల్వల్లో పారే ఊళ్లకు ఇది బాగా తెలిసిన కష్టం. ఆ నీళ్లలోని నత్రజని, భాస్వరం డెక్కకు ఎరువు. కాబట్టి మీ చెరువు ఒక్కదాన్నే గీసి ఆగొద్దు. మీకు నీళ్లిచ్చే వాగు వెంట పైకి వెళ్తూ ప్రతి చెరువుకూ ఇదే లెక్క వేసి, ఒకే మ్యాప్ మీద పెట్టండి. డెక్క అన్నిటికంటే ముందు ఏ చెరువులో, ఏ ఏడాది కనిపించిందో పాత చిత్రాల్లో వెతకండి. కింది చెరువును శుభ్రం చేసి పై చెరువును వదిలేస్తే ఆ డబ్బు నీళ్లపాలే. పై ఊరి వాళ్లతో మాట్లాడటానికి వెళ్లేటప్పుడు తప్పు పట్టే మ్యాప్‌గా కాకుండా రెండు ఊళ్ల మ్యాప్‌గా తీసుకెళ్లండి.

తీయించాక

పని మొదలయ్యే ముందు రోజుల చిత్రం ఒకటి, అయ్యాక వచ్చిన మొదటి మంచి చిత్రం ఒకటి, రెండింటి గుంటల లెక్క పక్కపక్కన పెట్టి పంచాయతీ కార్యాలయం గోడ మీద అతికించండి. ఫైళ్లకు చెరువు పేరు, తేదీ పెట్టి దాచండి. వచ్చే ఏడాది ఈ పని ఇంకొకరు చేయాల్సి వస్తే వాళ్లకు మీరు వాడిన హద్దు, మీరు పెట్టిన 0.4 లేదా 0.5 దొరకాలి.

డెక్క విత్తనాలు బురదలో పదిహేను, ఇరవై ఏళ్లు ఉండగలవు. ఎండాకాలం ఆరిన శిఖం వానలకు మళ్లీ తడిసినప్పుడు అంచుల్లో మొలకలు వస్తాయి. అవి పది మీటర్ల పిక్సెల్‌కు అందవు, పైగా అప్పటికి మబ్బులు. కాబట్టి మృగశిర దాటి చెరువులోకి కొత్త నీళ్లు వచ్చిన రెండు, మూడు వారాలకు ఒక తెరిపి ఉదయం చూసుకుని, డ్రోన్‌ను 30 మీటర్ల ఎత్తులో నీళ్ల అంచు వెంబడే ఒక చుట్టు తిప్పండి. డ్రోన్ లేకపోతే నీరటితో కలిసి నడవండి. కనిపించిన ప్రతి చోటునూ మొబైల్‌లో గుర్తుపెట్టి, ఆ వారంలోనే మనుషులతో చేత్తో పీకించి, గట్టు అవతల ఎండబెట్టండి.